పర్వానాలో లేని అక్షరాలు

నా పర్వానా ఉర్దూలో ఉండేది. నాకు ఉర్దూ రాదు. కోదాడ సరిహద్దు నాకాలో దాన్ని రాసి ఇచ్చిన గుమాస్తాయే చదివి వినిపించాడు. ఫలానా ఊరివాడు, మిర్యాలగూడలో ఫలానా వారి బియ్యం మిల్లులో ఇంజను నడపడానికి వస్తున్నాడు, ఆ నౌకరీ తప్ప ఇంకే తిజారత్ చేయరాదు, ఆరు నెలలకొకసారి ముద్ర వేయించుకోవాలి. తిజారత్ అంటే ఏమిటని అడిగాను.

"వ్యాపారమండీ. కొనడం, అమ్మడం. మీకెందుకది, మీరు మిస్త్రీ కదా" అన్నాడు.

నిజమే, నాకెందుకు అనుకున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఎంతో కాలం కాలేదు. కోదాడకు అవతల, నందిగామ వైపు ఉన్న మా ఊరు ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో ఉండేది. ఇవతల హైదరాబాదు సంస్థానం. నాణెం వేరు, కచేరీ భాష వేరు, వారపు సెలవు కూడా వేరు, ఆదివారం కాదు శుక్రవారం. మాట్లాడేది మాత్రం ఒకటే తెలుగు కదా అన్న ధైర్యంతో నాకా దాటాను.

అంతకు కొద్ది ముందే, ఆ ఎండాకాలంలో, నా భార్య విషజ్వరంతో పోయింది. మూసీ కృష్ణలో కలిసే చోట అస్థికలు కలపాలని వాడపల్లి వెళ్ళాను. ఒడ్డున ఒక మిల్లు యజమాని ఎవరితోనో తన ఆయిల్ ఇంజను గురించి మొరపెట్టుకుంటున్నాడు. పొద్దున లేస్తే అది మొండికేస్తున్నదట, నడిపేవాడు దొరకడం లేదట. ఇంజను ఏ రకందో అడిగాను. రెండు మాటల్లో దాని జబ్బు చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, తడి పంచెతోనే నా పక్కన కూర్చున్నాడు. ఇంటికి తిరిగి వెళ్ళి చేసేదేమీ లేదు. నెల తిరగకుండానే ఆయన నా పేర పర్వానా తెప్పించాడు.

ఇంకొక సంగతి ఇక్కడే రాయాలి. నేను పుస్తకాలు చదివేవాణ్ణి. నా భార్యకు అక్షరాలు రావు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి, "మీరు చదివేదాంట్లో ఏముందో నాకూ నేర్పరాదూ" అంది. తీరిక దొరకనీ అన్నాను. ఆరేళ్ళు తీరిక దొరకలేదు. దీని గురించి ఇంతకంటే రాయడానికి నాకేమీ లేదు.

మిర్యాలగూడలో శుక్రవారాలు తీరికే. బండ్లు చేసే వడ్రంగి దగ్గర పారేసిన టేకు ముక్కలు అడిగి తెచ్చుకుని, అక్షరాలు చెక్కడం మొదలుపెట్టాను. ఒక్కో ముక్క మీద ఒక అక్షరం, దాని కింద చిన్న బొమ్మ. అచ్చు సరిగా పడాలంటే అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. మొదటి నెల చెడగొట్టినవే ఎక్కువ. దీపం మసిని అవిసె నూనెలో నూరి సిరా చేసేవాణ్ణి. ముక్కకు సిరా పూసి, మందపాటి కాగితం పరిచి, ఇంజను బేరింగు ఇనుప గుండుతో రుద్దితే అక్షరం దిగేది. కాగితానికి ఎనిమిది అక్షరాల చొప్పున ఏడు కాగితాలు. వాటిని దారంతో కుట్టాను. బొమ్మ కింద మాట రాయలేదు. బొమ్మ ఉన్నాక మాట ఎందుకు, అనవసరపు అలంకారం అనుకున్నాను. ఎవరికోసం చేస్తున్నానని ఎవరైనా అడిగి ఉంటే చెప్పలేకపోయేవాణ్ణి.

అడిగింది చల్లామె. మేము మజ్జిగ అనేదాన్ని అక్కడ చల్ల అంటారు, వాళ్ళ నోట అది సల్ల. వేములపల్లి నుంచి బండి మీద చల్ల కుండలు తెచ్చి మిల్లు కూలీలకు పోసేది. వాళ్ళది తరతరాలుగా గొర్లూ బర్లూ కాసే ఇల్లు. వయసు నలభై దాటి ఉంటుంది. నోరు మాత్రం మిల్లు కంటే పెద్దది.

"మిస్త్రీ, గదేంది? తాళపత్రమా?" అంది, నా చేతిలో పుస్తకం చూసి.

"అక్షరాలక్కా."

"నాకు ఒకటియ్యి."

"నీకు చదవడం వచ్చా?"

"వస్తే నీ తానకెందుకొస్త?"

ఇచ్చాను. అచ్చులన్నీ, చివర చేత్తో రాసిన గుడి, కొమ్ము, ఒత్తుల గుర్తులూ చదివి చూపించాను. ఆ పైన క, ఖ చెప్పేలోగా బండి కదిలింది. "బొమ్మలున్నయి గద, నేనే జూసుకుంట" అంటూ వెళ్ళిపోయింది. మర్నాడు ఒక ముంతెడు నెయ్యి తెచ్చి నా గడప మీద పెట్టింది. వద్దన్నాను.

"ఉత్తగ తీస్కుంటే సదువు అంటదు" అంది.

ఆ తరువాత వాళ్ళ ఆడబిడ్డకు ఒకటి కావాలంది. ఆ పైన తిప్పర్తి దారిలో ఎవరికో. త్రిపురారం నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వడ్లు మరపట్టించడానికి వచ్చి, మర సంగతి వదిలేసి అక్షరాల మిస్త్రీ ఎవరని అడిగారు. కొందరు గింజలిచ్చారు, కొందరు హాలీ సిక్కాలు, అంటే నిజాం నాణేలు, ఇచ్చారు. నేను తీసుకున్నాను. ఇది తిజారతేనని నాకు తెలుసు. తెలియదని ఎప్పుడూ అనుకోలేదు. పట్టుబడితే పర్వానా పోతుంది, పర్వానా పోతే వారంలో నాకా దాటాలి. ఉద్యోగం పోవడం గురించి నేను అంతగా భయపడలేదు. ఇంజను ఎక్కడైనా దొరుకుతుంది. కానీ మా ఊళ్ళో నా చేతి పనిని ఎవరూ అడగలేదు, ఇక్కడ అడుగుతున్నారు. ఆ ఏడాదిలో పొద్దున లేవాలనిపించింది దాని వల్లనే. అది పోతుందేమోనని భయం.

మూడు నెలలకు ఒక పొద్దున చల్లామె బండి దిగుతూనే అరిచింది.

"ఓ మిస్త్రీ! మీ సేటుకు జెప్పు. గంత పైస వెట్టి బోర్డు రాయించిండు, తప్పు రాయించిండు."

"ఏం తప్పు?"

"సదువు నువ్వే. 'బిర్ని' అంట! గిర్నిని పట్టుకొని బిర్ని అన్నడు."

బోర్డు మీద 'గిర్ని' అనే ఉంది. మిల్లును అక్కడ అలాగే అంటారు. నేను మళ్ళీ చదివించాను. మళ్ళీ 'బిర్ని' అంది. గుడి ఇచ్చిన ఇకారం సరిగా పలికింది, ర కింది న ఒత్తు సరిగా పలికింది. మొదటి అక్షరమే తప్పు. ఆమె పుస్తకం తెప్పించి 'గ' ఉన్న కాగితం తీశాను.

"ఇదేం అక్షరం?"

"బ."

"బ ఎట్లా అయింది?"

"కింద బర్రె ఉండె గద!"

ఆ బొమ్మ నేను చెక్కిందే. కొమ్ములు వెనక్కి తిరిగి, పొట్ట కిందికి దిగి, బాగానే కుదిరింది. నేను చెక్కింది గేదె. ఆమె చూసింది బర్రె. ఏడాదిగా ఆ మాట రోజూ నా చెవిన పడుతున్నా చేతికి మాత్రం ఎక్కలేదు. చెయ్యి మా ఊరి మాటనే చెక్కింది.

"గేదెనా? గదెవ్వరు?" అంది, నేను చెప్పాక.

కూర్చుని ఏడు కాగితాలూ ఆమెతో చదివించాను. 'చ'కు చీపురు చెక్కాను. ఆమె దాన్ని 'ప' అని నేర్చుకుంది, ఎందుకంటే అది పొరక. 'వ'కు వేరుశెనగ కాయ. అదీ 'ప' అయింది, పల్లికాయ. "ఒక్క 'ప'కు ఇన్ని రూపాలు ఎందుకు పెట్టిండ్రో అనుకున్న, సదువుకున్నోళ్ళ తిక్క అనుకున్న" అంది. నవ్వు రాలేదు నాకు. వేములపల్లిలో, త్రిపురారంలో, దారిలోని పల్లెల్లో అరవై ఇళ్ళకు పైగా నా పుస్తకం ఉంది. అన్ని ఇళ్ళలోనూ 'గ' అంటే 'బ'. ఒకరికి నేర్పకుండా తప్పించుకున్నవాణ్ణి, ఇప్పుడు ఊరంతటికీ తప్పు నేర్పాను.

ఆ శుక్రవారం నుంచి చెక్కినవన్నీ పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి చల్లామె అరుగు మీద కూర్చుని ఒక్కో బొమ్మకూ పేరు చెప్పేది. ఆమె నోట ఏ మాట వస్తే ఆ అక్షరం కిందికే ఆ బొమ్మ. మాట కూడా కింద చెక్కాలని నిర్ణయించుకున్నాను. బ, బర్రె. ప, పొరక. గ, గడ్డి. అంతవరకు సాఫీగా సాగింది. 'చ' దగ్గర ఆగిపోయాం.

"చందమామ" అన్నాను.

"సందమామ. 'స' పెట్టు."

"చలి."

"సలి."

"చక్రం అక్కా."

"సక్రం. నువ్వెన్ని జెప్పినా గంతే, మా మాట మొదట్ల గా అక్షరమే లేదు. తీసెయ్యి."

అక్షరాన్ని తీసేయడం నా వల్ల కాదన్నాను. ఆమె కుండ మీది మూకుడు తీసి చల్ల కలుపుతూ ఆలోచించింది. పక్క హోటలు నుంచి టీ తెచ్చే మనిషి, "అవ్వా, జర చమ్చా ఇయ్యి, నాది పోయింది" అన్నాడు. "నా తాన చమ్చా యాడిది?" అంది ఆమె. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"ఏమన్నావ్?"

"చమ్చా" అంది, మెల్లగా, తన నోటిని తనే వింటున్నట్టు. ఆ తరువాత పగలబడి నవ్వింది. "ఉన్నది మిస్త్రీ, మాకూ ఉన్నది!"

తెలుగు మాటల మొదట్లో దొరకని 'చ' వాళ్ళకు ఒక ఉర్దూ మాటలో నిలిచి ఉంది. చెంచా బొమ్మ చెక్కడం ఎంతో సులువు. నేను చెక్కినవాటిలో అన్నిటికంటే శుభ్రంగా వచ్చింది అదే.

కొత్త పుస్తకాలు కట్టి, ప్రతి శుక్రవారం ఊరూరా తిరిగి పాతవి తీసుకుని కొత్తవి ఇచ్చాను. ఏమీ తీసుకోలేదు. అప్పటిదాకా నా పని సర్కారు చెవిన పడకుండా సాగింది. ఇల్లిల్లూ తిరిగి, నా తప్పు నేనే చెప్పుకుంటుంటే ఇంకెలా దాగుతుంది? ఎవరు చెప్పారో తెలియదు. ఒక మధ్యాహ్నం బంట్రోతు మిల్లుకు వచ్చాడు. రేపు పర్వానా, పుస్తకాలు తీసుకుని తహసీలు కచేరీకి రావాలన్నాడు.

సేటు తల పట్టుకున్నాడు. "నీ అక్షరాలతోని నా ఇంజను ఆగేటట్టున్నది గదయ్యా. కాల్చెయ్యి అన్నీ. అడిగితే తెల్వదను."

"తెలుసు కదండీ."

"గిట్లాంటోని యాడ దొరకవట్టుకొచ్చిన్రా దేవుడా" అన్నాడు.

తహసీల్దారు వయసు మళ్ళిన మనిషి. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. పక్కన ఆయన గుమాస్తా, పేష్కారు, కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన స్థానికుడు, రెండు భాషలూ చదువుతాడు. బల్ల మీద నా పాత పుస్తకం ఒకటి ఉంది.

"ఇది నీదేనా?" అన్నాడు తహసీల్దారు.

"నాదే సాబ్."

"అమ్మినవా?"

"అమ్మాను."

పేష్కారు ఆశ్చర్యంగా చూశాడు. బహుశా కాదంటానని అనుకున్నాడు. "సాబ్, ఇది బెజవాడ అచ్చు" అన్నాడు. "నాకా దాటించి తెస్తున్నడు. ఈడ అమ్ముతున్నడు. సుంకం లేదు, ఇజాజత్ కాయితం లేదు. ఈ బొమ్మలన్నీ అటువైపు పుస్తకాల్లో ఉండేటివే."

"నేను చేత్తో చేశాను. ఇక్కడే చేశాను" అన్నాను.

"అందరూ గట్లనే అంటరు."

చెక్క ముక్కల సంచి చూపించాను. పేష్కారు ఒకటి తీసి చూసి, ఇది కూడా అటు నుంచే తెచ్చి ఉండొచ్చు కదా అన్నాడు. ఇక్కడే చేశానని సాక్ష్యం ఎవరు చెప్తారు? చెక్కుతుంటే చూసినవాళ్ళంతా నా దగ్గర కొన్నవాళ్ళే. వారంలో నాకా దాటాలి, అంతే అనుకున్నాను.

బయట గొడవ వినిపించింది. చల్లామె బంట్రోతును తోసుకుని లోపలికి వచ్చింది. చంకలో కొత్త పుస్తకం.

"దండం సారూ. మా మిస్త్రీని ఎందుకు వట్టుకొచ్చిండ్రు?"

"నువ్వెవరు?" అన్నాడు పేష్కారు.

"సల్ల పోసేదాన్ని. మీ ఇంట్ల గూడ పోస్త, యాదికి లేదా?"

తహసీల్దారు చెయ్యెత్తి పేష్కారును ఆపాడు. "చెప్పమ్మా. ఈ పుస్తకం ఇతను బెజవాడ నుంచి తెచ్చిండా?"

"బెజవాడోళ్ళకు బర్రె అంటే ఏందో తెల్వది సారూ. గేదెనంట! గీ పుస్తకం సదివించుండ్రి, తెలుస్తది."

ఆయన కొత్త పుస్తకాన్ని పేష్కారుకు ఇచ్చి పైకి చదవమన్నాడు. పేష్కారు గొంతు సవరించుకుని, అక్కడక్కడా తీసి చదివాడు.

"గ, గడ్డి. బ, బర్రె. ప, పొరక." కాగితం తిప్పాడు. "స... సందమామ." ఇంకొకటి తిప్పాడు. అక్కడ ఆగి, దగ్గరగా పెట్టుకుని చూశాడు. "చ, చమ్చా."

తహసీల్దారు కుర్చీలో ముందుకు వంగాడు. "క్యా?"

"చమ్చా, సాబ్."

"తెలుగు పుస్తకంలనా?"

"అట్లనే ఉన్నది సాబ్."

ఆయన నా వైపు తిరిగాడు. మీ ఊళ్ళో దీన్ని ఏమంటారని అడిగాడు. చెంచా అంటామని, చమ్చా అనే మాట ఇక్కడికి వచ్చాకే విన్నానని చెప్పాను. పాత పుస్తకంలో గేదె ఎందుకుంది, కొత్తదానిలో బర్రె ఎందుకొచ్చింది, జరిగిన తప్పంతా చెప్పాను. సేటు బోర్డు సంగతి చల్లామె చెప్పింది. "బిర్ని" అన్న చోట పేష్కారే ముందు నవ్వాడు. నవ్వు ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక, కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"సాబ్, బెజవాడల ఏ అచ్చువాడూ పొరక, చమ్చా వెయ్యడు" అన్నాడు చివరికి. ఆరోపణ తెచ్చిన మనిషే ఆ మాట అన్నాడు. అందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవం.

తహసీల్దారు సంచిని దగ్గరికి లాక్కున్నాడు. చెక్క ముక్క ఒకటి తీసుకుని, దాని మీద వేలితో తిరగేసిన అక్షరాన్ని తడిమాడు. ఆ తరువాత చెప్పాడు. అవతల నుంచి తెచ్చి ఇక్కడ అమ్మితే తిజారత్. ఇక్కడి కట్టె మీద, ఇక్కడి మాటతో, తన చేత్తో చేస్తే అది దస్త్‌కారీ, చేతిపని. కుమ్మరి కుండ అమ్మితే తిజారత్ అంటామా? నా పర్వానా తీసుకుని అంచున రెండు వరుసలు రాసి, సంతకం పెట్టాడు. పర్వానా ఇచ్చింది కోదాడలో కనుక అక్కడ ముద్ర పడాలన్నాడు. ఎనిమిది రోజుల గడువు.

కోదాడ వెళ్ళేదాకా నమ్మకం లేదు. బస్సులో సూర్యాపేట దాకా, అక్కడి నుంచి ఇంకో బస్సులో కోదాడ. పర్వానాను చొక్కా లోపలి జేబులో పెట్టుకుని పదిసార్లు తడిమి చూసుకున్నాను. నాకాలో అదే గుమాస్తా. అంచున రాసింది చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"చేతిపని అని రాశారండీ. యంత్రమేమీ లేదు కదా?"

"ఇనుప గుండు ఉందండి. దాంతో రుద్దుతాను."

"అది యంత్రమెట్లా అవుద్దిలే" అని ముద్ర వేశాడు. ముద్ర వంకరగా పడింది. ఆయన నొచ్చుకుని ఇంకొకటి పక్కన తిన్నగా వేశాడు. ఆ రెండు ముద్రలనూ చూస్తూ నాకా బయట నిలబడ్డాను. ఒకరి అనుమతి ఇంత సంతోషమిస్తుందని అంతకు ముందు ఎరగను. దుఃఖం పోలేదు. అది ఉన్నచోటే ఉంది. దాని పక్కన ఇంకొకదానికి చోటు దొరికింది.

తరువాతి సెలవుకు సూర్యాపేట సంతకు వెళ్ళాను. పల్లెల్లో చాటుగా ఇచ్చిందే తప్ప నలుగురిలో కూర్చుని అమ్మింది లేదు. మిరపకాయల బుట్టలకూ కుండల వరుసకూ మధ్య చాప పరిచి, పుస్తకాలు వరుసగా పేర్చి కూర్చున్నాను. జనం చూస్తూ పోతున్నారు. ఎవరూ ఆగలేదు. నెయ్యి అమ్ముకోవడానికి వచ్చిన చల్లామె నా అవతారం చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"గట్ల మూగోని లెక్క కూసుంటే ఎవరు కొంటరు? ఒర్రు మిస్త్రీ, ఒర్రు!"

"నాకు అరవడం రాదక్కా."

"సర్కారే ఒర్రుమన్నది గద. కాయితం ఉన్నది గద నీ తాన!"

నేను మాటలు తక్కువ వాడే మనిషిని. ఇంజను మోతలో పనిచేసినా గొంతెత్తి ఎరగను. లేచి నిలబడ్డాను. మొదటిసారి అరిచింది నాకే వినిపించలేదు. రెండోసారి కుండలమ్మే ఆయన తల తిప్పాడు. మూడోసారి, "అక్షరాలు! నా చేతి అక్షరాలు!" అని ఎంత గట్టిగా అన్నానంటే మిరపకాయలు తూస్తున్న మనిషి తక్కెడ దించేశాడు. నా యాస విని పిల్లలు వెక్కిరించారు. వెక్కిరిస్తూనే దగ్గరికి వచ్చారు. వాళ్ళ వెనక తల్లులు వచ్చారు. ఒకామె 'చమ్చా' బొమ్మ చూసి ఇంకొకామెను పిలిచింది. చాప మీది వరుసలు తరిగిపోయాయి.

ఎండ నడినెత్తికి రాకముందే ఒక పోలీసు జవాను గుంపును తోసుకుంటూ వచ్చాడు. అతను నోరు తెరవకముందే పర్వానా తీసి, మడత విప్పి, రెండు ముద్రలూ కనిపించేలా పట్టుకున్నాను. అతను దాన్ని చూడనే లేదు.

"అది లోపల పెట్టుకో. పుస్తకం ఎంత?" అన్నాడు.

"ఒక్కటే మిగిలింది" అన్నాను.